పరికరం కట్టిన ఏళ్లు ఖాళీ ఏళ్లు కావు: నియామక, పదోన్నతి కమిటీలకు బహిరంగ లేఖ

భౌతిక శాస్త్ర విభాగాల్లో అధ్యాపకుల నియామకాలు, పదోన్నతులు, పరిశోధన గ్రాంట్లు నిర్ణయించే కమిటీల సభ్యులకు,

నమస్కారం.

నేను స్కానింగ్ ప్రోబ్ మైక్రోస్కోపీలో, అంటే సన్నటి మొనతో ఉపరితలాన్ని గీత గీతగా పరిశీలించి పరమాణువులను చూసే రంగంలో, పనిచేసే భౌతిక శాస్త్రవేత్తను. పీహెచ్‌డీలో పట్టుకున్న పని ఇప్పటికీ వదల్లేదు. మీలాంటి కమిటీల ఎదుట అభ్యర్థిగా కూర్చున్నాను, తర్వాత మీ వరుసలోనే కూర్చుని ఫైళ్లు చదివాను. రెండు వైపుల నుంచీ చూశాక మిమ్మల్ని అడగాలనిపిస్తున్నది ఒక్కటే. ఈ రంగంలో పనిచేసేవాళ్ల ఫైలు మీ ముందుకొచ్చినప్పుడు, పరికరం కట్టడానికి పట్టిన ఏళ్లను ఖాళీ ఏళ్లుగా లెక్కపెట్టకండి.

ఇటీవల నేనున్న ఒక ఎంపిక కమిటీ ముందుకు ఒక ఫైలు వచ్చింది. ఆ అభ్యర్థి పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తర్వాతి కాంట్రాక్టు పరిశోధకుడిగా, ఉన్నప్పుడు అతి తక్కువ ఉష్ణోగ్రతలో పనిచేసే మైక్రోస్కోప్ హెడ్‌ను డ్రాయింగ్ దశ నుంచి మొదలుపెట్టి కట్టారు. ఆ పని నడిచినంత కాలం పేపర్లు లేవు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా మంచి శాస్త్రవేత్తలే, ఎవరికీ దురుద్దేశం లేదు. అయినా "మధ్యలో ఈ గ్యాప్ ఏంటి?" అన్న ప్రశ్న దగ్గరే చర్చ ఆగిపోయింది. నాకు చేతనైనంతలో వివరించాను. విన్నారు, తలూపారు. కానీ మార్కుల పట్టికలో ఆ వివరణకు చోటు లేదు. ఫైలు పక్కకు వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఈ లేఖ రాయాలని మనసులో ఉంది.

మీలో చాలామంది ఈ పనిని దగ్గర్నుంచి చూసి ఉండరు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. స్కానింగ్ టనలింగ్ మైక్రోస్కోప్‌లో, అంటే ఎస్‌టీఎంలో, సన్నటి లోహపు టిప్‌ను శాంపిల్ ఉపరితలానికి ఒక నానోమీటరు లేదా అంతకన్నా తక్కువ దూరానికి తెస్తాం. రెండూ తాకవు. చిన్న వోల్టేజ్ పెడితే ఆ సందులోంచి ఎలక్ట్రాన్లు టనలింగ్ వల్ల, అంటే మామూలుగా దాటలేని ఖాళీని దాటించే క్వాంటం ప్రభావం వల్ల, దాటతాయి. ఆ కరెంట్ పికో ఆంపియర్లలోనో, నానో ఆంపియర్లలోనో ఉంటుంది. దూరం ఒక్క ఆంగ్‌స్ట్రామ్, అంటే నానోమీటరులో పదో వంతు, మారితే కరెంట్ దాదాపు పది రెట్లు మారిపోతుంది. పరమాణువులు విడివిడిగా కనబడేది ఈ లక్షణం వల్లే. మాకు ఏళ్లకు ఏళ్లు పట్టేదీ ఈ లక్షణం వల్లే.

ఎందుకంటే రాగి లాంటి లోహం మీద పరమాణువుల ఎత్తుపల్లాలు చాలాసార్లు కొన్ని పికోమీటర్లకు (పికోమీటరంటే నానోమీటరులో వెయ్యో వంతు) మించవు. అవి కనబడాలంటే టిప్‌కీ శాంపిల్‌కీ మధ్య దూరం పికోమీటరు స్థాయిలో నిలకడగా ఉండాలి. భవనంలో లిఫ్ట్ కదిలినా, పక్క గదిలో పంపు తిరిగినా, కారిడార్‌లో ఎవరైనా తలుపు గట్టిగా వేసినా అది మా చిత్రంలో గీతలుగా దిగుతుంది. గదిలో ఉష్ణోగ్రత కొద్దిగా మారితే చాలు, టిప్ కింద ఉన్న చోటు మెల్లగా జరిగిపోతుంది. స్ప్రింగులు, అయస్కాంత డ్యాంపింగ్, బరువైన దిమ్మ మీద పునాది, ఎర్త్ లూప్ లేని వైరింగ్... వీటిలో ఏ ఒక్కటి సరిగ్గా కుదరకపోయినా మిగతావన్నీ వృథా. ఎక్కడ కుదరలేదో కనిపెట్టడానికే నెలలు పడుతుంది.

ఉపరితలం శుభ్రంగా ఉండాలంటే అల్ట్రా హై వాక్యూమ్, అంటే గాలి దాదాపు పూర్తిగా తీసేసిన శూన్యం, కావాలి. ఛాంబర్ లోపల ఒక సన్నటి వైరు తెగిందనుకోండి. చల్లగా ఉన్న వ్యవస్థను గది ఉష్ణోగ్రతకు తేవాలి, గాలి వదలాలి, ఛాంబర్ తెరవాలి, వైరు బాగుచేయాలి, మూయాలి, లీక్ ఉందేమో చూడాలి, మొత్తం వ్యవస్థను వంద డిగ్రీలకు పైగా వేడిచేసి రోజుల తరబడి బేక్ చేయాలి, మళ్లీ ద్రవ హీలియంతో చల్లబరచాలి. వైరు అతకడం పది నిమిషాల పని. దాని చుట్టూ వారమో, రెండు వారాలో పోతాయి. అంతా అయ్యాక రెండో వైరు తెగిందని తెలిసిన రోజులు ఈ రంగంలో ప్రతి ఒక్కరి నోట్‌బుక్‌లోనూ ఉంటాయి.

ఇక టిప్ సంగతి. టంగ్‌స్టన్ తీగను క్షార ద్రావణంలో ఎచ్ చేసి తయారుచేస్తాం. ఎంత సూదిగా తయారైనా, చివర నిలిచిన ఒకటి రెండు పరమాణువులదే అసలు పని. వాటిని ముందుగా ఎంచుకోలేం. చిన్న వోల్టేజ్ పల్స్ ఇస్తాం, శుభ్రమైన లోహంలో అతి మెల్లగా గుచ్చి తీస్తాం, మళ్లీ స్కాన్ చేసి చూస్తాం. చక్కగా వస్తున్న టిప్ అర్ధరాత్రి దాటాక ఉన్నట్టుండి మారిపోతుంది. చిత్రంలో ఒక గీత దగ్గర పరమాణువుల ఆకారం మారుతుంది, అంతే. దానికి ముందు తీసిన స్పెక్ట్రాను, అంటే వోల్టేజ్ మారుస్తూ తీసిన కరెంట్ కొలతలను, తర్వాతవాటితో పోల్చడం ఇక చెల్లదు. నిజాయితీ ఉన్న విద్యార్థి ఆ డేటాను పక్కన పెట్టి మొదటి నుంచి తీస్తాడు. ఆ నిజాయితీకి మీ ఫారంలో ఏ మార్కూ లేదు, పైగా పేపర్ ఆలస్యమైనందుకు కోత పడుతుంది.

ఉష్ణోగ్రత గురించి కూడా ఒక మాట. 4 కెల్విన్ (దాదాపు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్) దగ్గర కొలిచిన స్పెక్ట్రంలో కేవలం ఉష్ణం వల్లే 1 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌కు పైగా మసక ఉంటుంది. దానికన్నా సూక్ష్మమైనది చూడాలంటే ఇంకా కిందికి దిగాలి. 4 కెల్విన్ నుంచి 0.3 కెల్విన్‌కు దిగడం ప్రపోజల్‌లో ఒక అంకె మారడమే. ల్యాబ్‌లో అది కొత్త క్రయోస్టాట్ (చల్లగా ఉంచే పాత్ర), కొత్త వైరింగ్, ప్రతి వైరుకూ కొత్త ఫిల్టర్, కొత్త రకం వైబ్రేషన్ సమస్యలు. ఆ అంకె మార్చడంలోనే ఒకరి పోస్ట్‌డాక్ మొత్తం గడిచిపోవచ్చు.

ఇప్పుడు చరిత్రలోకి వస్తాను. మీరు వాడే కొలమానాలను ఈ రంగం పుట్టిన నాటి ఫైళ్లకు పెట్టి చూడండి.

గెర్డ్ బినిగ్, హైన్రిక్ రోరర్‌లు స్విట్జర్లాండ్‌లోని ఐబీఎం జ్యూరిక్ ప్రయోగశాలలో ఈ ఆలోచన మొదలుపెట్టింది 1978 చివర్లో. శూన్యంలోంచి వెళ్లే టనలింగ్ కరెంట్ దూరాన్ని బట్టి ఎలా మారుతుందో స్పష్టంగా నమోదైంది 1981 మార్చిలో, ఒక రాత్రి కొలతల్లో. మధ్యలో రెండేళ్లకు పైగా గడిచాయి. ఆ ఏడాదే వాళ్లు పంపిన మొదటి పేపర్‌ను జర్నల్ తీసుకోలేదు. ఆ సంగతి వాళ్లే తమ నోబెల్ ఉపన్యాసంలో చెప్పారు. సిలికాన్ ఉపరితలం మీద ఏళ్లుగా వివాదంలో ఉన్న 7×7 అమరికను (పైపొర పరమాణువులు సర్దుకునే ఒక ప్రత్యేక తీరును) పరమాణు స్థాయిలో చూపిన పేపర్ 1983లో వచ్చింది, నోబెల్ 1986లో. 1981 మధ్యలో బినిగ్ ఒక అధ్యాపక పోస్టుకు దరఖాస్తు పెట్టి ఉంటే మన ఫారంలో ఆ రెండేళ్ల ఎదురుగా ఏం రాసేవాళ్లం?

దీనికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టే కథ రసెల్ యంగ్‌ది. అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో ఆయన బృందం బినిగ్, రోరర్‌ల కన్నా దాదాపు పదేళ్ల ముందే టోపోగ్రాఫైనర్ అనే పరికరం కట్టింది. సన్నటి టిప్, దాన్ని పీజోలతో (వోల్టేజ్ ఇస్తే అతి కొద్దిగా సాగే పదార్థాలతో) కదిలించడం, కరెంట్‌ను చూసుకుంటూ ఫీడ్‌బ్యాక్‌తో ఎత్తు సరిచేసుకోవడం, అన్నీ అందులో ఉన్నాయి. టిప్‌ను బాగా దగ్గరకు తెచ్చి టనలింగ్‌ను కూడా కొలిచారు. మిగిలిన పెద్ద అడ్డంకి వైబ్రేషన్. దాని మీద పని సాగుతుండగానే, 1971లో ఆ ప్రాజెక్టును పైవాళ్లు ఆపేశారు. 1972లో పరికరం గురించి పేపర్ వచ్చింది, అక్కడితో సరి. 1986 నోబెల్ ప్రకటన ఆయన పేరు చెప్పి, ఈ సూత్రం మీద పరికరం కట్టడంలో మొదట సఫలమైంది ఆయనేనని గుర్తించింది. అయితే ఆగిపోయిన ప్రాజెక్టు ఆ గుర్తింపుతో తిరిగి రాదు. ఆ పని ఆగింది భౌతిక శాస్త్రం ఒప్పుకోకపోవడం వల్ల కాదు, ఒక నిర్ణయం వల్ల. అలాంటి నిర్ణయాలు తీసుకునే కుర్చీల్లోనే ఇవాళ మనం కూర్చున్నాం.

తర్వాతి తరాలదీ ఇదే దారి. డాన్ ఐగ్లర్ 4 కెల్విన్ దగ్గర నిలకడగా పనిచేసే మైక్రోస్కోప్ కట్టుకున్నాకే 1989లో నికెల్ మీద జెనాన్ పరమాణువులను ఒక్కొక్కటిగా జరపగలిగారు. 1993లో ఆయన బృందం 48 ఇనుప పరమాణువులను రాగి మీద వలయంగా పేర్చి, లోపల ఎలక్ట్రాన్ తరంగాలు కళ్లకు కట్టేలా చూపింది. ఒక్క అణువు కంపనాన్ని ఎస్‌టీఎంతో కొలిచిన 1998 నాటి పని కూడా చూడండి. విల్సన్ హో బృందం రాగి మీద ఉన్న ఎసిటిలీన్ అణువు మీద టిప్‌ను కదలకుండా నిలిపి కార్బన్-హైడ్రోజన్ బంధం కంపనాన్ని పట్టుకుంది. మరుసటి ఏడాది ఆ మైక్రోస్కోప్ ఎలా కట్టారో వివరిస్తూ పరికరాల జర్నల్‌లో విడిగా ఒక పేపర్ వేశారు. నా విద్యార్థులకు నేను మొదట చదవమని ఇచ్చేది ఆ రెండో పేపర్‌నే. మీ పట్టికలో దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే ఆ జర్నల్ పేపర్లను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరిస్తారన్న అంకె, మొదటిదాని దరిదాపుల్లోకి రాదు.

ఫ్రాంజ్ గీసిబుల్ సంగతి మరీ చెప్పుకోదగ్గది. 1995లో ఆయన సిలికాన్ 7×7 ఉపరితలాన్ని అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్‌తో, అంటే కరెంట్‌తో కాకుండా బలాన్ని కొలిచి, పరమాణు స్థాయిలో చూపించారు. ఆ తర్వాత గడియారాల్లో ఉండే క్వార్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌తో క్యూప్లస్ సెన్సర్ తయారుచేశారు. దానికి బీజం పడినప్పుడు ఆయన విశ్వవిద్యాలయంలో లేరు, ఒక కన్సల్టింగ్ సంస్థలో ఉద్యోగం చేస్తున్నారు. అలాంటి సెన్సర్‌తోనే 2009లో లియో గ్రాస్, గెర్హార్డ్ మేయర్, సహచరులు టిప్ చివర ఒక కార్బన్ మోనాక్సైడ్ అణువును తగిలించి, పెంటసీన్ అణువులోని ఐదు వలయాలనూ విడివిడిగా చిత్రించారు. ఇవాళ రసాయన శాస్త్రం పాఠాల్లో ఆ చిత్రం చూపిస్తున్నాం. దాని వెనుకున్న సెన్సర్ పుట్టిన కాలాన్ని మాత్రం మన సీవీల భాషలో "అకడమిక్ రంగం నుంచి విరామం" అంటారు.

"ఇప్పుడు మైక్రోస్కోపులు మార్కెట్లో దొరుకుతున్నాయి కదా, కొనుక్కోవచ్చుగా?" అని ఒక సభ్యుడు నన్ను సూటిగా అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దొరుకుతున్నాయి, బాగుంటాయి కూడా. చాలా ప్రశ్నలకు అవి సరిపోతాయి, అలాంటప్పుడు కొనుక్కోవడమే తెలివైన పని. కానీ 2015లో ఒక్క పరమాణువు మీద ఎలక్ట్రాన్ స్పిన్ రెసొనెన్స్‌ను (ఎలక్ట్రాన్ అయస్కాంత గుణం ఒక నిర్దిష్ట ఫ్రీక్వెన్సీకి స్పందించడాన్ని) ఎస్‌టీఎంతో చూసినప్పుడు, టిప్ దగ్గరకు అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌ను తీసుకెళ్లే ఏర్పాటు కేటలాగ్‌లో ఉన్న వస్తువు కాదు. ఎవరో ముందుగా కట్టి చూపించాక కంపెనీలు అమ్మడం మొదలుపెడతాయి. ఆ ముందు కట్టేవాళ్లకు ఉద్యోగం ఇవ్వడం మీ చేతిలో ఉంది.

మరో అనుమానం కూడా విన్నాను: పరికరం పేరు చెప్పి ఏళ్ల తరబడి ఏమీ చేయకుండా కూర్చునేవాళ్లు ఉండరా అని. ఉంటారు. అయితే పేపర్లు లెక్కపెడితే వాళ్లు దొరకరు, పరికరాన్ని పరీక్షిస్తే దొరుకుతారు. అభ్యర్థిని ఫీడ్‌బ్యాక్ ఆపి తీసిన టనలింగ్ కరెంట్ నాయిస్ స్పెక్ట్రం చూపించమనండి. అందులో ఏ శిఖరం ఎక్కడి నుంచి వస్తోందో, దేన్ని ఎలా తగ్గించారో అడగండి. గంటకు డ్రిఫ్ట్ (టిప్ కింద చోటు జరిగిపోవడం) ఎంత, ఒకసారి హీలియం నింపితే ఎంతసేపు నిలుస్తుంది, సూపర్‌కండక్టర్ గ్యాప్ కొలిచినప్పుడు తేలిన నిజమైన ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత ఎంత, థర్మామీటరు చూపించేదానికీ దానికీ తేడా ఎంత? నిజంగా కట్టినవాళ్లు ఈ ప్రశ్నలకు కళ్లు మెరుస్తూ జవాబు చెబుతారు, నోట్‌బుక్ తీసి పేజీలు చూపిస్తారు. ఆ పది నిమిషాల్లో తెలిసేది హెచ్ ఇండెక్స్, అంటే పేపర్లనూ వాటిని ఇతరులు ఉదహరించిన సార్లనూ కలిపి లెక్కేసే అంకె, ఎన్నటికీ చెప్పలేదు. ఆ ఇండెక్స్‌ను 2005లో ప్రతిపాదించిన హోర్హే హిర్ష్ మన భౌతిక శాస్త్రవేత్తే, కాబట్టి దాన్ని సరిదిద్దుకునే బాధ్యత మన రంగానికి కాస్త ఎక్కువే ఉందని నా నమ్మకం. వ్యక్తుల పనిని జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో తూచవద్దన్న శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన మీద చాలా సంస్థలు సంతకాలు చేశాయి. సంతకం చేసిన సంస్థల కమిటీల్లోనూ జర్నల్ పేర్లు పైకి చదవడం నేను విన్నాను.

దీనికీ పరిశోధన నాణ్యతకూ నేరుగా సంబంధం ఉంది. మా రంగంలో తప్పుడు చిత్రం రావడం చాలా తేలిక. టిప్‌కు రెండు మొనలు ఉంటే ప్రతి పరమాణువూ జంటగా కనబడుతుంది. ఫీడ్‌బ్యాక్ గెయిన్ (ఎత్తు సరిచేసే చురుకుదనం) ఎక్కువ పెడితే లేని చారలు పుట్టుకొస్తాయి, అవి చూడ్డానికి ఎంతో క్రమంగా, అందంగా ఉంటాయి. స్కాన్ వేగం మార్చి చూడాలి, దిశ తిప్పి చూడాలి, గెయిన్ తగ్గించి చూడాలి, మరో టిప్‌తో మళ్లీ తీయాలి. అసలు చారలైతే నిలుస్తాయి, లేకపోతే మాయమవుతాయి. ఈ పరీక్షలన్నిటికీ సమయం కావాలి. గడువులోగా పేపర్ చూపించకపోతే ఉద్యోగం ఉండదన్న టెన్షన్‌లో ఉన్న కుర్ర పరిశోధకుడి నుంచి ఆ సమయాన్ని లాక్కునేది మన నిబంధనలే. అందుకే పేపర్ల సంఖ్య బదులు మూలడేటా అడగండి. ఎంపిక చేసిన ఒక్క అందమైన చిత్రంతో సరిపెట్టుకోకుండా, దాని చుట్టూ ఉన్న మిగతా స్కాన్లనూ చూపించమనండి. గ్విడియన్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎవరైనా వాటిని తెరిచి చూడొచ్చు. మూలడేటాను అందరికీ అందుబాటులో పెట్టినవాళ్లకు దాన్ని ఒక ఘనతగానే లెక్కవేయండి.

కొత్తగా అధ్యాపకులైనవాళ్ల గడియారం సంగతి కూడా మీరు ఆలోచించాలి. చేరిన రోజు నుంచే పదోన్నతి లెక్క మొదలవుతుంది. గది మాత్రం అప్పటికి సిద్ధంగా ఉండదు. నేల వైబ్రేషన్ కొలవలేదు, ఎర్తింగ్ సరిగా లేదు, హీలియం తిరిగి పట్టుకునే లైను వేయలేదు. పరికరం పెట్టే లోపే మొదటి సమీక్ష వచ్చేస్తుంది. గది సిద్ధం చేయాల్సింది సంస్థ అయినప్పుడు, అది అప్పజెప్పిన రోజు నుంచి లెక్క మొదలుపెట్టడం న్యాయం. పోస్ట్‌డాక్‌లకైతే పరిస్థితి ఇంకా ఘోరం. పరికరం పూర్తయ్యేసరికి వాళ్ల కాంట్రాక్టు ముగుస్తుంది, మొదటి ఫలితాలు తర్వాత వచ్చినవాళ్ల పేరుతో వెలువడతాయి. అలాంటి ల్యాబ్‌లకు గ్రాంట్ ఇచ్చేటప్పుడు, కట్టినవాళ్ల పేరు మొదటి ఫలితాల పేపర్లలో ఉంటుందన్న మాట రాతపూర్వకంగా తీసుకోండి.

సాంకేతిక సిబ్బందిని మర్చిపోవద్దు. ఐబీఎంలో మొదటి ఎస్‌టీఎంను కట్టిన చేతుల్లో క్రిస్టఫ్ గెర్బర్, ఎడ్మండ్ వైబెల్‌లవి కూడా ఉన్నాయి. 7×7 పేపర్ మీద నలుగురి పేర్లూ ఉన్నాయి. 1986లో బినిగ్, కాల్విన్ క్వేట్‌లతో కలిసి అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ పేపర్ రాసింది కూడా గెర్బరే, 2016లో ఆ ముగ్గురికీ కావ్లీ బహుమతి వచ్చింది. మంచి వాక్యూమ్ ఇంజినీరు, మంచి మెషినిస్ట్ ఉన్న విభాగంలో విద్యార్థికి ఏళ్లు కలిసొస్తాయి. వాళ్లు రిటైరైనప్పుడు ఆ పోస్టు రద్దు చేసి, మిగిలిన డబ్బును ప్రాజెక్టులకు పంచడం చాలాచోట్ల చూస్తున్నాను. దయచేసి ఆ పోస్టులు నిలబెట్టండి.

ఇవన్నీ ఒకేసారి మార్చమని అడగడం లేదు. పరికరం ప్రధానంగా ఉన్న ఫైలు వస్తే, అలాంటి పరికరం స్వయంగా కట్టినవాళ్లను కనీసం ఒకరినైనా బయటి సమీక్షకులుగా పిలవండి. ఆ పని మీ తదుపరి సమావేశం నుంచే మొదలుపెట్టవచ్చు, దానికి కొత్త నిబంధన కూడా అవసరం లేదు. సమీక్షకులు దొరక్కపోతే నన్ను అడగండి. ఏ సంస్థ ఫైలైనా సరే, డ్రాయింగులతో సహా చదివి అభిప్రాయం రాసి పంపుతాను. నాతో పనిచేసే సహచరులు కూడా అందుకు సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
స్కానింగ్ ప్రోబ్ మైక్రోస్కోపీలో పనిచేసే ఒక భౌతిక శాస్త్ర అధ్యాపక సహోద్యోగి